ఆకాశరామన్న యేల పుట్టెను?

సంతకము లేని జాబును మన తెలుగువారు 'ఆకాశరామన్న జాబు' అందురు. బరంపురమున గాని, బళ్ళారిలో గాని, మధురలో గాని, షోలాపురమున గాని, యానాములో గాని తరతరములుగా స్థిరపడిన ఏ తెలుగింట అడిగినను ఈ మాట తెలియనివారుండరు. ఆ జాబు వ్రాసినవానికి ఊరు లేదు, పేరు లేదు, ఇంటి గుర్తు లేదు. ఆకాశమునుండి ఊడిపడినట్లు అది వచ్చి అధికారి బల్లపై వ్రాలును. మాటలో కొంత వెక్కిరింతయు కలదు. పేరు చెప్పుకొనలేని పిరికివాని మాట నమ్మనేల యని లోకము పెదవి విరుచును.

అయితే వెక్కిరించుటకు ముందు అడుగవలసిన ప్రశ్న యొకటి యున్నది. అతడు తన పేరేల దాచుకొనెను? పిరికివాడగుటచేతనా? లేక, పేరు చెప్పినవానికి ఏమి జరుగునో ఎరిగిన వివేకియగుటచేతనా? ఈ ప్రశ్నకు చరిత్రలో సమాధానము వెదకుటయే ఈ వ్యాసమున మా ఉద్దేశము.

కొలువులో నుండియో, వ్యవహారమునకు సమీపమున నుండియో ఒక అక్రమమును కన్నులార చూచి, దానిని ప్రజాక్షేమము కొరకు బయటపెట్టువానిని ఆంగ్లమున 'విజిల్ బ్లోయర్' అందురు. మన పత్రికలవారు దానిని 'ప్రజావేగు' అని తెనిగించిరి. చక్కని మాట. పూర్వము రాజులకు వేగులవారుండిరి. వారిని రాజే కాపాడుకొనెను. ప్రజల వేగును కాపాడువారెవరు?

ఈ చింత మన దేశమునకు క్రొత్తది కాదు. కౌటిల్యుడు అర్థశాస్త్రమున, రాజధనమును అధికారులు హరించు నలువది విధములను వివరించిన పిదప, అట్టి అపహరణమును తెలిపి ఋజువు చేసిన సూచకునకు ఆ ధనమున ఆరవ పాలును, అతడు భృత్యుడైనచో పండ్రెండవ పాలును ఇయ్యవలెనని విధించెను. ఋజువు చేయలేనివానికి దండనము కలదు. ఆరోపితుని ప్రలోభమునకు లొంగి మాట మార్చినవానికి మరణదండనమే విధింపబడెను. ఇంతటి కఠినశాసనము వ్రాయవలసి వచ్చెననగా, ఆరోపితుని చేయి సూచకుని వరకు చాగగలదని ఆ నీతిజ్ఞుడెరిగియే యుండెనని మేము తలంతుము. ఆ చేతిని అడ్డగించుటయే చట్టముయొక్క అసలు పని. అది ఎంత కష్టమో మన చెన్నపట్టణపు చరిత్రయే చెప్పగలదు.

గాజుల లక్ష్మీనరసు శెట్టి (1806–1868) చెన్నపట్టణమున స్థిరపడిన వర్తకుడు. ఆయన తెలుగుతనమును ఇంటిపేరే చాటుచున్నది. వర్తకమున ధనమార్జించి, ఆ ధనమును ప్రజాకార్యములకు ధారపోసెను. 1844లో 'క్రెసెంట్' అను ఆంగ్ల పత్రికను నెలకొల్పెను. 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్ అను సంఘమును స్థాపించి, ప్రజల కష్టములను విన్నవించు మహజరును ఇంగ్లండు పార్లమెంటునకు పంపించెను. నాటి మద్రాసు రాజధానిలో నేటి తమిళనాటి జిల్లాలే కాక, కోస్తా, రాయలసీమ, ఇటు బళ్ళారి, అటు గంజాము కూడ చేరియుండెను. కావున నేడు వేర్వేరు రాష్ట్రములలోనున్న మన కుటుంబములలో ఎన్నింటి పూర్వులో ఆనాడు ఒకే ప్రభుత్వము క్రింద, ఒకే విధమగు తహశీలుదారులకు శిస్తు కట్టినవారే.

ఆ శిస్తు వసూలు చేయు పద్ధతి తలచుకొనిన ఒడలు జలదరించును. బకాయిపడిన రైతును మండుటెండలో నిలువబెట్టుదురు. మెడను మోకాళ్ళకు చేర్చి వంచి త్రాళ్ళతో బిగింతురు. కిట్టి అను కొయ్య సాధనముతో చేతివ్రేళ్ళను నొక్కుదురు. తహశీలుదారునకు శిస్తు అధికారముతోబాటు పోలీసు అధికారమును ఉండెను. కొట్టించినవాడు అతడే, కొట్టిరని ఫిర్యాదు చేసికొనవలసిన ఠాణా కూడ అతనిదే.

1853లో హెన్రీ డాన్బీ సేమూరు అను పార్లమెంటు సభ్యుడు మద్రాసునకు వచ్చెను. లక్ష్మీనరసు శెట్టి ఆయనను జిల్లాలలో త్రిప్పి రైతుల దుస్థితిని స్వయముగా చూపించెను. 1854 జూలైలో ఆ విషయము కామన్స్ సభలో చర్చకు వచ్చెను. అట్టిది లేదని కొందరు వాదించినను, తుదకు విచారణ తప్పినది కాదు. ఇలియట్, స్టోక్సు, నార్టను అను ముగ్గురితో ఒక కమిషను ఏర్పడెను. ఫిర్యాదులున్నవారు స్వయముగా వచ్చి గాని, జాబు మూలమున గాని తెలుపుకొనవచ్చునని ప్రకటన వెలువడెను. కమిషను ముందునకు 1,959 ఫిర్యాదులు వచ్చినవి. స్వయముగా వచ్చి చెప్పినవారు 519 మంది, జాబులు 1,440.

ఈ రెండు అంకెలను పాఠకులు కొంచెము ఆగి చూడవలెనని మా కోరిక. ఆ జాబులన్నియు ఆకాశరామన్నవే యని మేము చెప్పుటలేదు. ఎదుట నిలిచి నోరు విప్పినవాడొకడుండగా, దూరమునుండి కాగితముపై చెప్పుకొనినవారు సుమారు ముగ్గురుండిరని మాత్రము చెప్పుచున్నాము. దారి దూరము, బత్తెము ఖర్చు, కూలి నష్టము ఇందుకు కొంత కారణము. భయమును కారణమే.

1855లో వెలువడిన నివేదిక హింస నిజమేనని నిర్ధారించెను. అంతకంటె మా మనస్సును కలచిన అంశము మరియొకటి అందున్నది. బాధితునకు న్యాయము దొరకుట ఎంత కష్టమో చూచి, హింస ఉన్నదని తెలిసికొనినప్పటికంటె తాము ఎక్కువ నొచ్చుకొంటిమని ఆ ముగ్గురును వ్రాసిరి. ఏలయనగా, రైతు ఎంతో వ్యయప్రయాసల కోర్చి కలెక్టరునకు అర్జీ పెట్టుకొనినచో, ఆ అర్జీ విచారణకై మరల తహశీలుదారునకే పంపబడుచుండెను. ఎవనిపై మొర పెట్టెనో వాని చేతికే మొర చేరెను. అర్జీ పోయిన త్రోవనే కక్ష తిరిగి వచ్చెను.

మా దృష్టిలో ఆకాశరామన్న పుట్టినది అచ్చటనే. సంతకము చేసిన అర్జీ సంతకము చేసినవానికే ఉరిత్రాడగునప్పుడు, సంతకము లేని జాబు పుట్టక మానదు. అది పిరికితనము బిడ్డ కాదు. రక్షణ లేని న్యాయమునకు పుట్టిన బిడ్డ.

ఆ నివేదిక వృథాపోలేదు. శిస్తు వసూలును పోలీసు అధికారమునుండి వేరు చేయవలెనను భావము బలపడి, 1859లో మద్రాసునకు ప్రత్యేకమగు పోలీసు చట్టము వచ్చినది. అధికారములు వేరైనవి. కాని స్వయముగా వచ్చి సాక్ష్యము చెప్పిన ఆ 519 మంది మాటయేమి? కమిషను లేచిపోయిన పిదప వారు తమ తమ గ్రామములకు, అదే కచేరి నీడకు మరలవలసినవారే. నిజము ప్రభుత్వమునకు చేరెను. నిజమును మోసికొని వచ్చినవానికి అండ మాత్రము దొరకలేదు. లక్ష్మీనరసు శెట్టికి ధనము కలదు, పత్రిక కలదు, పార్లమెంటులో స్నేహితులు కలరు, ఆయన నిలబడగలిగెను. రైతునకు అవి యేవియు లేవు. లేనివానికి అవి యన్నియు తానై నిలుచునదే చట్టము.

ఇట్టి చట్టము సాధ్యమా యని శంకించువారికి, దానికంటె ముందటి దృష్టాంత మొకటి అమెరికానుండి చూపవచ్చును. 1777లో ఆ దేశపు నౌకాదళమున వారెన్ అను ఓడలోని పదిమంది, తమ సేనాపతియగు ఈసెక్ హాప్కిన్సుపై ఫిర్యాదు చేసిరి. కాంగ్రెసు సభ ఆయనను పదవినుండి తొలగించెను. అంతట ఆయన ఫిర్యాదుదారులపై పరువునష్టపు దావా వేసెను. వారిలో ఇద్దరు చెరసాల పాలైరి. అప్పుడు 1778 జూలై 30వ తేదీన కాంగ్రెసు సభ ఒక తీర్మానము చేసెను. కొలువులోనివారు అక్రమములను వెంటనే తెలుపుట వారి విధి యని ప్రకటించి, ఆ ఇద్దరి వ్యాజ్యపు ఖర్చులను తానే భరించుటకు ఒప్పుకొనెను. క్రొత్తగా పుట్టి, యుద్ధముతో సతమతమగుచున్న ప్రభుత్వము చేసిన పని యిది. నిజము చెప్పుట విధియైనచో, చెప్పినవానిని కాచుటయు ప్రభుత్వమునకు విధియే యను సూత్రము అందున్నది.

స్వతంత్ర భారతమున ఈ సూత్రమునకు చట్టరూపము నీయవలెనని గట్టిగా చెప్పినవారిలో ఒకరు తెలుగువారగుట మనకు సంతోషింపదగిన విషయము. న్యాయమూర్తి బి. పి. జీవన్ రెడ్డి అధ్యక్షతనున్న లా కమిషను 2001 డిసెంబరులో సమర్పించిన తన 179వ నివేదికలో, అక్రమములను తెలుపువారి రక్షణకు ప్రత్యేక చట్టము కావలెనని సిఫారసు చేసి, చట్టపు ముసాయిదాను కూడ జతపరచెను. ముసాయిదా ప్రభుత్వము వద్దనే యుండెను. సంవత్సరము గడచెను.

2002 నవంబరులో సత్యేంద్ర దూబే అను యువ ఇంజనీరు ప్రధానమంత్రి కార్యాలయమునకు ఒక జాబు వ్రాసెను. కాన్పూరు ఐ.ఐ.టి.లో చదివి, జాతీయ రహదారుల సంస్థలో కొలువు చేయుచు, స్వర్ణ చతుర్భుజి పథకమున ఝార్ఖండు, బీహారు భాగములలో జరుగుచున్న అక్రమములను ఆయన చూచెను. చెన్నపట్టణమునుండి నెల్లూరు, బెజవాడ, విశాఖల మీదుగా బరంపురము దాటి కలకత్తాకు పోవు మన త్రోవయు ఆ పథకములోనిదే. తన జాబు ఆకాశరామన్న జాబు కాదని తెలియుటకు తన వివరములను వేరు కాగితమున వ్రాసి జతపరచెను. తన పేరు మాత్రము రహస్యముగా నుంచవలెనని వేడుకొనెను. ఆ జాబు పేరుతో సహా కార్యాలయమునుండి కార్యాలయమునకు మారుచు, తుదకు ఆయన పనిచేయు సంస్థకే చేరెను. 1855 నాటి కమిషను చూచి నొచ్చుకొన్న త్రోవ ఇదియే గదా! కలెక్టరు పోయెను, తహశీలుదారు పోయెను, దొరల ప్రభుత్వమే పోయెను. అర్జీ నడచు త్రోవ మాత్రము మారలేదు.

2003 నవంబరు 27వ తేదీ వేకువను గయలో ఆయన కాల్చి చంపబడెను. అది దోపిడి దొంగల పని యని దర్యాప్తు సంస్థ తేల్చినది. 2010లో న్యాయస్థానము ముగ్గురికి యావజ్జీవ శిక్ష విధించినది. ఆ నిర్ణయముతో తృప్తిపడనివారు పలువురు కలరు. ఆ వివాదమున తీర్పు చెప్పుట మా పని కాదు. అయితే చావునకు కారణమేదైనను, దాచుమని కోరిన పేరు దాచబడలేదనుటలో వివాదము లేదు. చట్టము అడ్డగింపదగిన తప్పు అది.

రెండేండ్లు తిరుగకముందే మరియొక యువకుడు నేలకొరిగెను. షణ్ముగం మంజునాథ్ కర్ణాటకలోని కోలారు బంగారు గనుల పట్టణమున పెరిగినవాడు. తెలుగు, తమిళ కుటుంబములు గనిపనికై వలసపోయి తరములుగా కలిసి బ్రదికిన ఊరది. మైసూరులో ఇంజనీరింగును, లక్నోలో వ్యాపార నిర్వహణ శాస్త్రమును చదివి, ఇండియన్ ఆయిల్ సంస్థలో అధికారియై ఉత్తరప్రదేశమున పనిచేయుచు, కల్తీ ఇంధనము అమ్ముచున్న బంకును మూయించెను. 2005 నవంబరు 19వ తేదీన లఖింపూరు ఖేరీ జిల్లాలో హత్యకు గురియయ్యెను. ఆయన అర్జీ వ్రాసినవాడు కాడు. తన విధిని తాను చేసినవాడు. అయినను, అక్రమమునకు అడ్డు నిలిచిన ఒంటరి మనిషికి వెనుక అండ లేనిచో ఏమగునో ఆయన చావును చెప్పుచున్నది. 2015లో సుప్రీముకోర్టు ఆరుగురి యావజ్జీవ శిక్షను స్థిరపరచినది.

దూబే మరణానంతరము సుప్రీముకోర్టు ఈ విషయమును పట్టించుకొనగా, కేంద్రప్రభుత్వము 2004 ఏప్రిల్ 21వ తేదీన ఒక తీర్మానమును వెలువరించినది. దాని ప్రకారము ఫిర్యాదులను అందుకొని, ఫిర్యాదుదారుని పేరును గోప్యముగా నుంచు బాధ్యత కేంద్ర విజిలెన్సు కమిషనుపై పెట్టబడెను. మూసిన కవరు, వేరు కాగితమున పేరు, రహస్యము నిలుపు అధికారి. ఇవి దూబే తన చేతనైనంతలో తానే చేయజూచిన ఏర్పాట్లు. తీర్మానమునకు ఉన్న బలము తక్కువ. కావున 2010లో బిల్లు వచ్చి, 2011 డిసెంబరులో లోకసభలోను, 2014 ఫిబ్రవరిలో రాజ్యసభలోను నెగ్గి, ఆ యేడు మే 9వ తేదీన రాష్ట్రపతి ఆమోదముతో చట్టమయ్యెను.

ఆ చట్టమున మెచ్చదగిన అంశములు కలవు. ఫిర్యాదుదారుని పేరు వెల్లడించినవానికి మూడేండ్ల వరకు కారాగారము, 50,000 రూపాయల వరకు జరిమానా. ఫిర్యాదు చేసినందుకు వేధించిరని అతడు మొరపెట్టినచో, తాము వేధింపలేదని ఋజువు చేసికొనవలసిన భారము అధికారులదే. తెలిసి తెలిసి అబద్ధపు ఫిర్యాదు చేసినవానికి రెండేండ్ల వరకు శిక్ష, 30,000 రూపాయల వరకు జరిమానా కూడ కలవు. లోపములును కలవు. ప్రైవేటు సంస్థల కొలువువారికి ఈ నీడ లేదు. వేధింపు అనగా నేమో నిర్వచనము లేదు. అన్నిటికంటె పెద్ద లోపము, చట్టము అమలు తేదీ ప్రకటింపబడకపోవుట. 2015లో దానిని సవరించు బిల్లును లోకసభ ఆమోదించెను. 2019లో సభ రద్దగుటతో అదియు మురిగిపోయెను. ఈ పంక్తులు వ్రాయునాటికి చట్టము పుస్తకమున నున్నది, అమలున లేదు. పెండ్లి ముహూర్తము పెట్టి వరుని ఊరేగించి, తాళి మాత్రము కట్టనట్లున్నది.

ఇచట ఒక వింతను పాఠకులు గమనింపవలెను. 2004 నాటి తీర్మానము గాని, 2014 నాటి చట్టము గాని సంతకము లేని ఫిర్యాదును అంగీకరింపవు. అందు న్యాయము లేకపోలేదు. ఊరు పేరు లేని జాబుతో పగ తీర్చుకొనువారును కలరు. నిర్దోషి పరువు పోవుటయు అన్యాయమే. కాని 'ఆకాశరామన్నా, నీవు రావలదు' అని తలుపు మూసినప్పుడు, 'పేరుగలవాడా, నిర్భయముగా రమ్ము' అని ఎదుటి తలుపు తెరువవలె గదా! ఒకటి మూసి, రెండవది తెరువకున్న, ఇంటిలోని దొంగకు తప్ప మరెవ్వరికిని అది మేలు కాదు.

'తిన్న ఇంటి వాసములు లెక్కపెట్టరాదు' అని కొందరు ధర్మము చెప్పుదురు. కొలువు చేయుచోటి గుట్టు బయటపెట్టుట ద్రోహమని వారి భావము. సామెత మంచిదే. అయితే ఆ ఇల్లెవరిది? రహదారి వేయించినది ప్రజల సొమ్ము. గుమాస్తా మొదలు పెద్ద అధికారి వరకు తినునది ప్రజల ఉప్పు. వాసములను పెరుకుకొని పోవువానిని చూచి కేక వేసినవాడు ఇంటికి ద్రోహియా? చూచియు మిన్నకున్నవాడు ద్రోహియా?

ఇక మన మాట. మాతృభాష ఒకటి, రాజభాష వేరొకటియైన చోట్ల బ్రదుకు కుటుంబములము మనము. మన పెద్దలు పిల్లలకు నూరిపోసిన నీతి యొకటి కలదు: 'ఊరు మనలను చేరదీసినది, చాలును, మనకేల ఈ గొడవలు?' ఆ నీతిలో కృతజ్ఞత కలదు, భయమును కలదు. మేము పెరిగిన ఊరిలో ఒక వృద్ధుడు ఒక గిడ్డంగిలో గుమాస్తాగా నుండి, తూకములలో జరుగు మోసమును పైవారికి తెలుప నిశ్చయించెను. ఆయనకు తెలుగు తప్ప వ్రాత రాదు. ఆ రాష్ట్రపు భాషలో అర్జీ వ్రాయించుటకు మరియొకని కలమును ఆశ్రయింపవలసి వచ్చెను. రహస్యము తొలినాడే ఇద్దరిదయ్యెను. పదిదినములలో అర్జీలోని మాటలను గిడ్డంగి యజమాని ఆయన యెదుటనే చదివి వినిపించెను. ఆయన ఉద్యోగము పోయెను. దానికంటె ఆయనను బాధించినది, 'పైనుండి వచ్చినవానికి ఇంత పొగరా' అను మాట. మూడు తరములుగా ఆ వీథిలోనే యున్న కుటుంబమది.

తక్కువ సంఖ్యలోనున్నవారికి ఈ చట్టము ఇతరులకంటె ఎక్కువ అవసరమని మేమనుటకు కారణమిది. బలగమున్నవానికి బలగమే చట్టము. బలగము లేనివానికి చట్టమే బలగము. అయినను ఇది మన కొరకు మాత్రమే కోరునది కాదు. లక్ష్మీనరసు శెట్టి తెలుగు రైతు కొరకు మాత్రమే పోరాడెనా? తంజావూరు తమిళ రైతు వ్రేళ్ళును, గుంటూరు తెలుగు రైతు వ్రేళ్ళును ఆ కిట్టిలో ఒకే తీరున నలిగినవి. ఉన్న ఊరి మేలు కొరకు ఆ ఊరి ప్రభుత్వముతోనే నిజము చెప్పుట స్థిరపడినవాని హక్కు. స్థిరపడినాడనుటకు గుర్తు కూడ అదియే.

కావున మన సంఘములు చేయదగిన పనులు కొన్ని కలవు. 2014 నాటి చట్టమును లోపములు సవరించి అమలులోనికి తేవలెనని తమ తమ లోకసభ సభ్యులను కోరవచ్చును. మూసిన కవరుతో కేంద్ర విజిలెన్సు కమిషనునకు వ్రాయు పద్ధతిని మనవారికి తెలుగులో వివరింపవచ్చును. అర్జీ వ్రాయవలసినవానికి నమ్మదగిన కలమును సంఘమే సమకూర్పవచ్చును. ఇవి చిన్న పనులే. ఆ గిడ్డంగి గుమాస్తాకు అవి యున్నచో చాలియుండెడివి.

ఆకాశరామన్నను మనము ఇన్నాళ్ళు వెక్కిరించితిమి. అతనిని రూపుమాపుటకు మార్గమొక్కటియే: అతడు తన పేరు చెప్పుకొని, ఆ రాత్రి తన ఇంటిలో నిశ్చింతగా నిద్రింపగల చట్టమును తెచ్చుట. ఆనాడు అతడు ఆకాశము విడిచి నేలకు దిగును. వాని పేరు మన వీథిలో ఏ రామయ్యయో, ఏ సీతమ్మయో అయియుండును.